పసుపు కొట్టుకుపోయిన ఎంజైము

ఆదివారం పనీర్ కోసం పాలు విరగ్గొట్టాను. గుడ్డలోంచి దిగిన నీళ్ళు ఎండలో లేత ఆకుపచ్చ కలిసిన పసుపుతో మెరిశాయి. ఆ రంగు చూడగానే వకుళ మేడమ్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ రంగు ఫ్లేవిన్‌ది. బీ2 విటమిన్ కూడా ఫ్లేవినే. శరీరం దాన్ని కాస్త మార్చి ఎంజైములకు అందిస్తుంది. తిన్న తిండి శక్తిగా మారాలంటే అది ఉండి తీరాలి.

మేడమ్ ఢిల్లీలో నాకు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చెప్పారు. రాజమండ్రి మనిషి, పూర్తి శాకాహారి. నా ప్రాజెక్టుకి కావలసిన, ఫ్లేవిన్‌తో పనిచేసే పసుపురంగు ఎంజైము మేక మూత్రపిండాల్లో దొరుకుతుంది. అందుకని ఆవిడే మటన్ దుకాణం ముందు నిలబడి, "భయ్యా, తాజా హై నా?" అని ఆరా తీసేవారు. "మసాలా డాల్‌కే భూన్ లీజియే మేడమ్‌జీ," అని మసాలా వేసి వేయించుకోమనేవాడు దుకాణదారు. "అచ్ఛా," అని బుద్ధిగా తలూపి, ఐసులో పెట్టి తెచ్చేవారు. నేను ఆశ్చర్యపోతే, "శాకాహారం నోటికేనమ్మా, చేతులకి కాదు," అన్నారు.

వెలుతురు తగిలితే ఫ్లేవిన్ పాడవుతుంది. అందుకే మా ల్యాబ్ కిటికీలకి నల్ల కాగితం అంటించాం. డిసెంబరులో ఊరంతా ఎండలో కూర్చుని పల్లీలు తింటుంటే, మేమిద్దరం చీకట్లో వణికేవాళ్ళం. నాకు ఆ చీకటే ఇష్టం. నాన్న కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. ప్రాజెక్టు తేలకపోతే జనవరి నుంచి సివిల్స్ కోచింగ్ అని తేల్చేశారు.

సరిగ్గా అప్పుడే ఎంజైము చేతులెత్తేసింది. "ఇంకాస్త శుభ్రపడనీ," అని మేడమ్ దాన్ని, చిన్న అణువుల్ని మాత్రమే బయటికి వదిలే పొర సంచీలో కట్టి, ఉప్పునీళ్ళలో మరో రోజు ఉంచారు. మర్నాటికి పసుపు రంగు లేదు, పనీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"నాన్నకి ఫోన్ చేసి మానేస్తానని చెప్పేస్తాను మేడమ్."

"చెయ్యి. రమ్మను కూడా."

నాన్న వచ్చారు. మేడమ్ రెండు గొట్టాల్లో ఎంజైము పోశారు. అది పనిచేస్తే గోధుమరంగు తిరిగే మందు రెండింటిలోనూ కలిపారు.

"తప్పు నాదేనండీ. కడిగి కడిగి ఫ్లేవిన్ని కూడా కడిగేశాననుకుంటాను. ప్రోటీన్ బాగానే ఉండాలి, ఆకలితో ఉందంతే."

ఒక గొట్టంలో ఫ్లేవిన్ చుక్క వేశారు. పనిచేస్తుందో లేదో ఆవిడకీ తెలియదు, పెదవి కొరుక్కుంటున్నారు. కాసేపటికి ఆ గొట్టం మెల్లగా రంగు తిరిగింది. రెండోది అలాగే ఉండిపోయింది.

నాన్న రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశారు. "చచ్చిపోలేదన్నమాట," అన్నారు. మెట్రోలో ఇంటికి వెళ్తూ, నా వైపు చూడకుండానే, "కోచింగ్ వద్దులే. ఇక్కడే ఉండు," అన్నారు. అంత సంతోషం నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు.

ఇప్పుడు ఘాజియాబాద్‌లో నేనూ పాఠాలు చెబుతున్నాను. హాస్టల్ పిల్లలు కళ్ళనీళ్ళతో నా గదికి వచ్చి, నా వల్ల కాదు మేడమ్, వెళ్ళిపోతాను అంటుంటారు. నేను ముందు కూర్చోబెట్టి, పొద్దున ఏమైనా తిన్నావా అని అడుగుతాను. సగంమంది తిని ఉండరు.