పరాయి దేశంలో మంత్రి మారితే

మా డివిజన్ కార్పొరేటర్ పేరు అడిగితే, గోడ మీద పోస్టర్ ఏదైనా ఉందేమోనని వెతుక్కునే రకం నేను. అలాంటివాణ్ని ఆ శుక్రవారం హఫీజ్‌పేట్‌లో ఇడ్లీ ముందు పెట్టుకుని, ఆఫ్రికాలోని ఒక చిన్న దేశంలో జరుగుతున్న ఓట్ల లెక్కింపును ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను.

"అక్కడెవరు గెలిస్తే మీకెందుకండీ? చట్నీలో ముంచాల్సింది ఇడ్లీని, ఫోన్‌ని కాదు," అంది మా ఆవిడ.

ఎందుకో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ దేశంలో బడి చదువు పూర్తి చేసిన పిల్లలకిచ్చే సర్టిఫికెట్లు మేం రాసిన సాఫ్ట్‌వేర్ నుంచే ముద్రణకు వెళ్తాయి. అడుగున విద్యామంత్రి పేరుండాలి. మంత్రి మారితే కొత్త పేరు టైపు చేసుకోవడానికి ఒక గడి ఉంచడం పద్ధతి. నేను ఉంచలేదు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ అక్కడ ఒకటే పార్టీ. ఆ మంత్రి కూడా నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అదే కుర్చీలో ఉన్నాడు. ఇక మారేదేముందని ఆయన పేరును నేరుగా కోడ్‌లోనే రాసేశాను. ఒకచోట కాదు, అవసరమనిపించిన చోటల్లా. ఓటర్లకన్నా ముందే ఆయన్ని నేను ఏకగ్రీవంగా ఎన్నుకున్నానన్నమాట.

మధ్యాహ్నానికి ఆ పార్టీ ఓడిపోయింది. ప్రజలు మార్పు కోరారని వార్త. కోరింది వాళ్లు, మార్పులు చేయాల్సింది నేను. బుధవారం కొత్త మంత్రి ప్రమాణం, గురువారం ముద్రణ. దిగిపోయిన మంత్రి పేరుతో అచ్చయితే ఆ కాగితాన్ని ఏ కాలేజీ తీసుకోదు. శని, ఆదివారాలు కూర్చుని పేరు తీసేస్తూనే ఉన్నాను. ఒకచోట తీస్తే ఇంకోచోట మంత్రిగారు దర్శనమిచ్చేవారు. పదవి వదలడానికి ఆయన కూడా ఇంత యాతన పడి ఉండడు.

సోమవారం నానక్‌రామ్‌గూడలో ఆఫీసు ముందు షేర్ ఆటో దిగి, నేరుగా టీమ్ లీడ్ దగ్గరికెళ్లి ఒప్పేసుకున్నాను. శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. వయసు నాకన్నా తక్కువ, కోపం ఎక్కువ.

"ఏందన్నా గిది? సర్కారంటే మారదా? మనకాడ మారలే?"

"అక్కడ మారదనుకున్నానండి."

"మరి నీ కోడ్ జూసి రివ్యూల ఎవడు ఓకే జేసిండు?"

ఆ రివ్యూ పేజీ తెరిచాను. స్క్రీన్ తనవైపు తిప్పుకుని చూశాడు. గొంతు తగ్గింది.

"నేనే," అన్నాడు. "నాకూ గట్లనే అనిపించినట్టుంది. ఇగ ఫికర్ జేస్తే ఏమొస్తది? జర జరుగు." అని తన కుర్చీని నా సీటు దగ్గరికి లాక్కొచ్చాడు.

బుధవారానికల్లా ఇద్దరం కలిసి పేరు టైపు చేసే గడి తయారు చేశాం. గురువారం ఉదయం ఆ దేశపు విద్యాశాఖ అధికారిణి వీడియో కాల్‌లోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. గడిలోని పాత పేరు చెరిపే ముందు ఒక్క క్షణం ఆగింది.

"నా సర్వీసు మొత్తంలో ఇంకో పార్టీ మంత్రి పేరు రాయడం ఇదే మొదలు," అంది ఇంగ్లీషులో.

తర్వాత ఒక్కో అక్షరమే కొట్టింది. నమూనా కాగితాన్ని కెమెరా ముందు పెట్టింది. కొత్తాయన పేరు సగంలోనే తెగిపోయింది. పాతాయన కొలతలకే కుట్టిన గడి మరి, నా టైలరింగే.

"మా మంత్రికి ఇంటిపేరు లేకుండా చేశారే," అందామె. నవ్వుతోందో, చిరాకు పడుతోందో అర్థం కాలేదు.

"పెంచన్నా, జల్ది పెంచు," అని లీడ్ నా చెవిలో గొణిగాడు.

పెంచాను. రెండో కాగితం వచ్చింది. పేరు పూర్తిగా ఉంది. అయినా పాతాయన ఇంకెక్కడైనా దాక్కున్నాడేమోనని నా అనుమానం.

"ఒకసారి కాగితం వెనక్కి తిప్పుతారా?" అన్నాను.

"వెనకేముంది చూడ్డానికి?"

"ఏమీ లేదని చూసుకోడానికే మేడమ్."

తిప్పింది. తెల్లగా ఉంది.

"ముద్రణ మొదలుపెట్టమంటారా?" అని నన్నే అడిగింది.

నేను లీడ్ వైపు చూశాను. లీడ్ నా వైపు చూశాడు. ఈసారి ఓకే ఇద్దరం కలిసే చెప్పాం.