పోలీస్ స్టేషన్‌లో ఒట్టు

మా పేటలో ఆడవాళ్ళు పోలీస్ స్టేషన్‌కు భయపడటం మానేసిన కాలం ఒకటుంది. ఎనభైల మధ్యలో, నేను నాలుగో తరగతి చదువుతున్న రోజులవి. మాచర్లకు ఇవతల నాపరాళ్ళ క్వారీల పక్కనే మా పేట. మగవాళ్ళంతా క్వారీలో రాయి తీసేవాళ్ళు. శనివారం సాయంత్రం కూలి ముట్టేది. అక్కడినుంచి ఇంటికి రావాలంటే సారా కొట్టు ముందునుంచే రావాలి. ఆగకుండా వచ్చేవాళ్ళు తక్కువ. మా నాన్న ఆ తక్కువమందిలో లేడు.

తాగనప్పుడు మా నాన్నంత మంచివాడు లేడు. తాగుబోతుల కూతుళ్ళందరూ ఈ మాటే అంటారని నాకు తెలుసు, అయినా అంటాను. అమ్మ మిరపకాయల కోతకు తెల్లవారకముందే వెళ్ళిపోయేది కాబట్టి నాకు జడ వేసేది నాన్నే. ఉలీ సుత్తీ పట్టి కాయలు కాసిన వేళ్ళు. జుట్టు ఆ కాయలకు తగులుకుని చిటుక్కున తెగేది. నేను "అబ్బా" అంటే, "ఊరుకో, రాణీగారికి జడేస్తున్నా, కదిలితే వంకరపోద్ది" అనేవాడు. వంకరగానే వేసేవాడు. తాగి వచ్చిన మర్నాడు మాత్రం చేతులు వణికి అదీ కుదిరేది కాదు. ముందురోజు రాత్రి అమ్మ తిన్న దెబ్బలు వేరే లెక్క.

ఆ ఏడు కొత్త ఎస్సై వచ్చాడు. పడుచువాడు, ఏదో ఒకటి చేయాలన్న తపన ఉన్నవాడు. ముందు అందరు ఎస్సైలూ చేసే పనే చేశాడు. కొండవాగుల్లో నాటుసారా బట్టీల మీద పడి, కుండలు పగలగొట్టించి, బెల్లపు ఊట పారబోయించాడు. దాంతో సర్కారు వేలంపాటలో దక్కించుకున్న సారా కొట్టుకు బేరం పెరిగింది. దాన్ని మూయించే అధికారం ఎస్సైకి లేదు. స్టేషన్ అరుగు మీద నిలబడితే ఆ కొట్టు కనిపించేది.

తర్వాత తాగి గొడవ చేసినవాళ్ళను పట్టుకొచ్చి కొట్టించాడు. పేట ఆడవాళ్ళు మూకుమ్మడిగా స్టేషన్‌కు వెళ్ళారు. మా అమ్మా వెళ్ళింది. "మీరు కొడితే కాపడం పెట్టేది మేమే గదయ్యా. వాడు పనికి పోకపోతే పస్తులుండేది గూడా మేమే. ఇంకేదన్నా చెయ్యి" అన్నారు. ఆయన కోప్పడలేదు. కూర్చోబెట్టి విన్నాడు. అంతకుముందు ఏ పోలీసూ వాళ్ళను కూర్చోమని అనలేదు.

అప్పుడు మొదలైంది ఒట్ల పద్ధతి. శనివారం మధ్యాహ్నం, కూలి ముట్టకముందే, పేరుపడ్డ తాగుబోతులను స్టేషన్‌కు పిలిపించేవాడు. పెళ్ళాం పిల్లలు వెంట రావాలి. ఎవరి దేవుడి మీద వాళ్ళు ఒట్టు పెట్టాలి. కొందరు దేవుడి పటం ముట్టుకునేవాళ్ళు, సాయిబులు అల్లా మీద ఆన పెట్టేవాళ్ళు. చెబితే నవ్వుతారేమోగానీ చాలామంది మాట మీద నిలబడ్డారు. లాఠీకి భయపడనివాళ్ళు ఒట్టుకు భయపడ్డారు.

మా నాన్న వంతు వచ్చింది. మేము క్రైస్తవులం. నాన్న తెలివిగా చేతులు కట్టుకుని, "మా దాంట్లో ఒట్లు పెట్టకూడదండీ సార్. అయ్యగారు చర్చిలో గట్టిగా చెప్పారు" అన్నాడు.

"తాగమని చెప్పాడంట్రా మీ అయ్యగారు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఎస్సై చూపు అమ్మ కొంగు పట్టుకుని ఉన్న నా మీద పడింది.

"నీ కూతురా? దేవుడొద్దులే. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

నాన్న నవ్వు ఆగిపోయింది. అమ్మ నన్ను ముందుకు తోసింది. ఆయన చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండి, తర్వాత నా తల మీద వాలింది. "పిల్ల మీద ఒట్టు. ముట్టను" అన్నాడు. ఆ గొంతు నాన్నది కాదనిపించింది నాకు.

ఆ తర్వాతి నెలలు మా ఇంట్లో పండగే. మొదటి వారం నాన్న వణికి, వాంతులు చేసుకుని, మంచం పట్టి లేచాడు. లేచాక కొత్త మనిషి. శనివారం ఇంటికి చేపలు వచ్చేవి. అమ్మ చెంప మీద వాపు తగ్గింది. ఆమె పాటలు పాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. స్టేషన్ ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా ఎస్సైకి దణ్ణం పెట్టేది.

అప్పుడు నాన్నతో జతగా రాయి తీసే మనిషి గుండె ఆగి చనిపోయాడు. మా దగ్గర నేలంతా చట్టుబండ. సమాధుల దొడ్డిలో గుంట తవ్వాలంటే క్వారీ వాళ్ళే కావాలి. గుంట తవ్వినవాళ్ళకు చచ్చినవాళ్ళ తాలూకువాళ్ళు సారా పోయాలి, వాళ్ళు పుచ్చుకోవాలి. కాదంటే చచ్చినవాణ్ణి అవమానించినట్టే. నాన్న వద్దన్నాడట. చనిపోయినాయన తమ్ముడు గ్లాసు పట్టుకుని, "మా అన్న నీకేం ద్రోహం చేశాడు మామా" అని భోరున ఏడ్చాడట. నాన్న కళ్ళు మూసుకుని తాగేశాడు.

ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. అమ్మకు వాసన తెలిసిపోయింది. ఆమె తిట్టలేదు. గిర్రున తిరిగి నా వైపు చూసింది.

ఆ వారంలోనే నాకు జ్వరం తగిలింది. టైఫాయిడ్. ఆ ఏడు పేటలో సగం ఇళ్ళలో ఉంది, మా మంచినీళ్ళ బావి అలాంటిది. నాతోపాటు మంచమెక్కిన పిల్లల నాన్నలెవరూ ఒట్టు తప్పలేదు. అది ఆలోచించే తీరిక ఎవరికుంది? నరసరావుపేట ఆస్పత్రిలో నాన్న నా మంచం దగ్గరికి రాబోతే అమ్మ అడ్డం నిలబడి అరిచింది.

"తాకబాక! నీ చెయ్యి పడితే నా పిల్ల నాకు దక్కదు."

భయంతో అన్న మాట అది. నాన్న మాత్రం దాన్ని డాక్టరు మాటలా విన్నాడు. అక్కడినుంచి తిన్నగా స్టేషన్‌కు వెళ్ళాడట. అక్కడే ఉన్న మా పక్కింటి అత్త తర్వాత చెప్పింది. నాన్న ఎస్సై కాళ్ళు పట్టుకున్నాడు. "ఆ ఒట్టు తీసెయ్యండి సార్. మీరు పెట్టించిందే గదా. కావాలంటే నన్ను లోపలెయ్యండి, కొట్టండి. పిల్ల మీదనుంచి తీసెయ్యండి."

"ఒట్టుదేముందిరా పిచ్చోడా" అన్నాడట ఎస్సై, ఆయన్ను లేవదీస్తూ. "నీ చేత మానిపిద్దామని పెట్టించాం. పిల్లకేం కాదు. మళ్ళీ తాగకుండా ఉండు, చాలు."

ఆయన ఉన్నమాటే చెప్పాడు, మంచిగానే చెప్పాడు. కానీ నాన్నకు వినపడింది వేరు. పెట్టించినవాడికే తీయటం చేతకాదని వినపడింది. ఆ సాయంత్రమే కృష్ణ దాటి, అవతల నల్గొండ వైపు క్వారీలకు వెళ్ళిపోయాడు.

నాకు తగ్గింది. ఎస్సై బిస్కెట్ పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని తల వంచుకుని, "నేనింత దూరం ఆలోచించలేదమ్మా" అన్నాడు అమ్మతో. నాన్నను తీసుకురమ్మని ఒక కానిస్టేబుల్‌ను ఏటి అవతలికి పంపాడు. పోలీసు తన కోసం వస్తున్నాడని తెలిసి నాన్న అక్కడినుంచి ఇంకో క్వారీకి మారిపోయాడు. ఆ తర్వాత ఎస్సై ఎవరి చేతా ఒట్టు పెట్టించలేదు. కొన్నాళ్ళకు బదిలీ అయ్యాడు. ఆయన మీద నాకు కోపం లేదని చాలాసార్లు అనుకున్నాను. ఉంది. మంచివాడు కాబట్టి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అంతే. సారా కొట్టును మాత్రం ఎవరూ ఏ ఒట్టూ అడగలేదు.

నాన్న అప్పుడప్పుడు ఎవరిచేతనో బియ్యం పంపేవాడు. మనిషి రాలేదు. "అక్కడ ఎవరూ అడిగేవాళ్ళు లేరు, తాగి తాగి పడి ఉంటాడు" అనేది అమ్మ. ఆ మాట పట్టుకునే ఆమె రోజులు నెట్టుకొచ్చింది. తాగుబోతు మొగుడు వదిలేసి పోయాడంటే అందులో పెద్ద వింతేమీ లేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన్ను రాళ్ళ లారీలో తెచ్చారు. క్వారీలో పైనుంచి బండ జారి మీద పడింది. వెంట వచ్చింది ఆయనతో అక్కడ కలిసి పనిచేసిన ముసలాయన, అటువైపు మనిషి. శవాన్ని అరుగు మీద దించాక, అమ్మ కళ్ళలో నీళ్ళు లేకపోవటం చూసి ఆయనే మాట కలిపాడు.

"గసువంటి మనిషి మళ్ళ దొరకడమ్మా. మేమంత తాగుతుంటె దూరం పోయి కూసునేటోడు. ఎంత బతిమిలాడినా చుక్క ముట్టలే. ఇంటికి పోరాదె అంటె, నేను పోతె నా బిడ్డకు గండం అన్నడు."

"ఎన్నాళ్ళబట్టి?" అంది అమ్మ.

"మా కాడికి వచ్చినప్పటి సంది గంతేనమ్మా. ఒక్కనాడు ముట్టలే."

అమ్మ మెల్లగా వెళ్ళి నాన్న పక్కన కూలబడింది. ఆయన రెండు భుజాలూ పట్టుకుని కుదపటం మొదలుపెట్టింది. ఎవరు లాగినా వదల్లేదు.

"తాగనోడివి ఇంటికి రావచ్చు గదయ్యా" అంటూనే ఉంది. "తాగనోడివి ఇంటికి రావచ్చు గదా."