చిల్లు పడ్డ పేపరు

క్లెమెన్సాస్ గారికున్న జబ్బు ఒక్కటే. పేపరు కనిపిస్తే కత్తిరిస్తారు. మొత్తం కాదు, చివరి పేజీలో కింద కుడివైపు మూలన అరచెయ్యంత ముక్క. కౌనస్ నగరంలో ఏడో నంబరు ట్రాలీ బస్సు ఆగే ఆ వీధిలో, జనవరి మొదలు ఫిబ్రవరి దాకా చిల్లు లేని పేపరు చదివామని చెప్పుకోగలిగినవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు.

ఆ ముక్క ఆల్‌స్టార్ ఆట కూపన్. దేశం కొత్తగా స్వతంత్రమై, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకి జీతాలిచ్చే లీగ్ ఒకటి పెట్టుకున్న రోజులవి. ఏడాదికోసారి అన్ని జట్లలోంచీ మేటి ఆటగాళ్ళని ఏరి, రెండుగా విడదీసి ఒక సాయంత్రం ఆడించేవారు. ఎవరు ఆడాలో జనమే తేల్చాలి. పేపర్లో కూపన్ కత్తిరించి, పది గీతల మీద పది పేర్లు రాసి, పేపర్ల కొట్టు ముందున్న రేకు డబ్బాలో వెయ్యాలి. మామూలు మనిషి ఒకటి వేస్తాడు. బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు ఐదు వేస్తాడు. ఆ ఊళ్ళో పిచ్చి లేనివాళ్ళు లేరు కాబట్టి అందరూ ఐదు వేసేవారు. క్లెమెన్సాస్ గారు ఎన్ని వేస్తారో ఆయనకీ ఆ డబ్బాకీ తెలియాలి.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ట్రాలీ బస్సు నడిపి రిటైరైన మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, చెవుల దాకా దిగిన బొచ్చు టోపీతో ఉంటారు. మెడలో బూటు తాడుకి కట్టిన గోళ్ళ కత్తెర వేలాడుతూ ఉంటుంది. మంగలి షాపులో ఆయన వచ్చారంటే జుట్టు కన్నా ముందు పేపరు తెగేది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్న మనిషి ఒళ్ళో పేపరు కూడా తెగిందని చెప్పుకుంటారు. ఒకసారి ఒకావిడ బజారునుంచి పేపర్లో చుట్టిన పొగబెట్టిన చేపతో వస్తుంటే ఎదురుపడి, "తల్లీ, ఒక్క నిమిషం చేపని పట్టుకో" అని చేపని ఆవిడ చేతిలో పెట్టి, కాగితం విప్పి, కూపన్ కత్తిరించుకుని, మళ్ళీ చుట్టి ఇచ్చారు. చిల్లులోంచి చేప తోక బయటికి చూస్తూ ఇంటికెళ్ళింది.

పేపర్ల కొట్టు నడిపే దంగువోలెకి ఈయన్ని చూస్తే ఒకపక్క నవ్వు, ఒకపక్క అరికాలి మంట.

"ఇన్ని కూపన్లు ఎవరికోసం బాబాయ్? మన జట్టు కెప్టెన్‌కేనా?"

"ఓటు రహస్యం అమ్మాయ్."

"ఆట చూడ్డానికైనా వెళ్తారా?"

"ఆల్‌స్టార్ ఆటా? ఛ! అందులో ఎవడూ ఎవణ్ణీ అడ్డుకోడు. మొదటి ఏడు చూశాను. ఆడేవాళ్ళ కన్నా చూసేవాళ్ళే ఎక్కువ అలిసిపోయారు."

ఆటే చూడని మనిషికి ఓట్లెందుకో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా దంగువోలె తన కొట్టు అద్దంలోంచి ఒక వింత చూసింది. బస్టాపు బల్ల మీద కూర్చుని ఆయన ఒక కూపన్ కుడిచేత్తో రాస్తారు. రెండోది ఎడంచేత్తో రాస్తారు. మూడోదానికి ఉన్ని చేతితొడుగు వేసుకుని మరీ రాస్తారు. సగం పాడై చెత్తబుట్టలో పడేవి. అందుకే ఆయనకి ఎన్ని కూపన్లూ చాలేవి కావు.

ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టపోయింది జెనోవైటె టీచరమ్మ. లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. కూపన్‌కి సరిగ్గా వెనకవైపు పేజీలో గళ్ళ నుడికట్టు ఉండేది. కూపన్ తెగితే నిలువు పద్నాలుగుతో పాటు అడ్డాలు కూడా నాలుగు పోయేవి.

"ఏమయ్యా క్లెమెన్సాస్, ఏటా నెలరోజులు నా మెదడు మూలన పడేస్తున్నావు. ఇది నీకు న్యాయమేనా?"

"టీచరమ్మగారూ, నిలువు పద్నాలుగు ఏమిటో అడగండి, చెప్తాను."

"ప్రశ్న కూడా నువ్వే కత్తిరించుకుపోయావు కదయ్యా!"

దంగువోలెకి ఒక కొడుకున్నాడు, ఎయిమాంతాస్. సరస్సుల వైపు ఒక చిన్న ఊరి జట్టులో పన్నెండో ఆటగాడు. అంటే బల్ల మీద చివర కూర్చునేవాడు. ఆట అయిపోవస్తుండగా, గెలుపోటములు ఎప్పుడో తేలిపోయాక రెండు నిమిషాలు ఆడతాడు. వేళాకోళం చేస్తారని ఆవిడ కొట్టు దగ్గర కొడుకు మాటే ఎత్తేది కాదు. పేపరువాళ్ళకేమో ఒక పట్టింపుంది. ఓటింగు అయ్యాక లీగులో ఉన్న ప్రతి ఆటగాడి పేరూ, వాడికొచ్చిన ఓట్లూ అచ్చేస్తారు. ఎవరి పేరు రాసినా అచ్చేస్తారు. కిందటేడు ఎవరిదో కుక్కకి నాలుగు ఓట్లొస్తే అదీ వేశారు. సున్నా వస్తే సున్నా అని వేస్తారు. అందుకే ఎయిమాంతాస్ ముందే తల్లి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"అమ్మా, నువ్వుగానీ నాన్నగానీ నాకు వేశారా, నేను ఇంటికి రాను. సున్నా అయినా ఫరవాలేదు, ఇంట్లో ఓటు మాత్రం వద్దు."

కిందటేడు సున్నా రాలేదు. మూడొచ్చాయి. కుర్రాడు పక్క పూలకొట్టు ఫోన్‌కి ఫోన్ చేసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ముగ్గురమ్మా! నేనెవరో తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు!" ఈసారి పండక్కి వచ్చినప్పుడు మాత్రం చల్లబడిపోయి ఉన్నాడు. "ఈసారి ఆ ముగ్గురూ లేకపోతే మానేస్తాను. టైల్స్ పని నేర్చుకుంటాను." ఒట్టు వెయ్యకుండా ఉండాల్సిందని దంగువోలె రోజూ అనుకునేది.

ఆ జనవరిలోనే ఆవిడకి పెద్ద చిక్కొచ్చింది. అమ్ముడుపోని పేపర్లు పొద్దున్నే వచ్చే వ్యానుకి తిరిగి ఇచ్చెయ్యాలి. మిగిలిన కట్టల్ని క్లెమెన్సాస్ గారు ఎప్పుడు చేరారో చేరారు, కట్ట మొత్తానికీ చిల్లులు. వ్యాను మనిషి ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసి, "ఇవి పేపర్లా, కిటికీలా?" అని అక్కడే పడేసి పోయాడు.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ఇంక ఈ కొట్టు దగ్గర కత్తెర తీశారంటే ఊరుకోను."

"అమ్మాయ్, ఇంకో ఏడు కూపన్లు తక్కువున్నాయి..."

"మీ కెప్టెన్‌కి వేలల్లో ఓట్లు పడుతున్నాయి. మీ ఏడూ లేకపోతే ఆయన చచ్చిపోడు!"

ఆయన కత్తెరని కోటు లోపలికి దోపుకుని, టోపీ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఇరవై రోజులు ఆ వైపు రాలేదు. దంగువోలెకి మొదట హాయిగా ఉంది, తర్వాత ఏం తోచలేదు.

ఓటింగు ఆఖరి రోజు గురువారం. సాయంత్రం ఐదుకి వ్యాను వచ్చి డబ్బా ఎత్తుకుపోతుంది. మూడు దాటాక క్లెమెన్సాస్ గారు ప్రత్యక్షమయ్యారు. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది.

"అయ్యో! ఏమైంది బాబాయ్?"

"మంచు మీద జారాను. పాత కాగితాల డిపో గోడ దిగుతుంటే..." కోటులోంచి ఖాళీ కూపన్ల కట్ట తీసి కిటికీ ముందు పెట్టారు. "అమ్మాయ్, నువ్వు నా మీద కోపంగా ఉన్నావని తెలుసు. ఎడంచేత్తో రాసేవి అయిపోయాయి. కుడిచేతివీ, తొడుగువీ మిగిలిపోయాయి. నేను పేర్లు చెప్తాను, రాసిపెట్టవూ? కానీ ఒక్క మాట. ఇది బయట పడకూడదు."

దంగువోలె మెత్తబడి పెన్ను తీసింది. ఆయన జేబులోంచి ఒక నలిగిన జాబితా తీసి చదవడం మొదలుపెట్టారు. మొదటి పేరు ఆవిడ ఎప్పుడూ వినలేదు. రెండోదీ వినలేదు. ఏడో పేరు దగ్గర పెన్ను పక్కన పెట్టింది.

"ఎవరు బాబాయ్ వీళ్ళంతా? కెప్టెన్ ఏడీ?"

"కెప్టెన్‌కి నేనెందుకు? వీళ్ళు బల్ల చివర కూర్చునేవాళ్ళు."

"వీళ్ళు ఆల్‌స్టార్‌కి ఎలా వెళ్తారు?"

"వెళ్ళరు. వెళ్ళాలనీ కాదు." ఆయన కాసేపు బస్టాపు వైపు చూశారు. "మొదటి ఏడు లెక్కలు పేపర్లో పడ్డ రోజు, ఒక ఆటగాడు నా బస్సెక్కాడు. పైకప్పుకి తల తగులుతుందని మెడ వంచుకుని నా పక్కనే నిలబడ్డాడు. వెనకాల ఎవరో అతని పేరు చదివి, 'నీకు ఒక్క ఓటు! మీ అమ్మ వేసుంటుంది!' అన్నారు. బస్సులో అంతా నవ్వారు, వాడూ నవ్వాడు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక, 'అమ్మ కాదండీ, అది నేనే వేసుకున్నాను' అన్నాడు. ముప్పై ఏళ్ళలో నాకు బ్రేకు ఎక్కడుందో తెలియకపోవడం ఆ ఒక్కసారే. వాడు ఆట మానేశాడట."

దంగువోలె పక్కన పెట్టిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అందుకని ఒక్కొక్కరికి మూడు, మూడు చేతిరాతల్లో. ఒకటైతే అమ్మ అంటారు. రెండైతే అమ్మా నాన్నా అంటారు. మూడోది మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వేసిందే అవ్వాలి. ఇక దానికి ఎవడూ నవ్వలేడు. రాయి, టైం అవుతోంది. ఎనిమిది, ఎయిమాంతాస్, పదిహేనో నంబరు, సరస్సుల ఊరి జట్టు..."

పెన్ను కదల్లేదు.

"రాయమ్మా."

"వాడు మా అబ్బాయి బాబాయ్."

క్లెమెన్సాస్ గారు సంతోషిస్తారనుకుంది. ఆయన తలకొట్టుకోబోయి, పిండికట్టు గుర్తొచ్చి ఆగారు. "ఎంత పని చేశావు! ఇప్పుడు నేను వాడికి ఎలా వెయ్యను? వాడు తెలిసినవాడైపోయాడు కదా! తెలిసినవాడికి వేస్తే అది మొహమాటం అవుతుంది, ఓటు కాదు!"

"కిందటేడు వేశారుగా!"

"అప్పుడు తెలియదుగా!"

"నేను వేస్తానంటే ఒట్టు అడ్డం. బాబాయ్, ఆ మూడూ లేకపోతే వాడు మానేస్తాడు." ఆవిడ కూపన్లు దగ్గరికి లాక్కుంది. "ఏడు కూపన్లు తక్కువన్నారు కదా, మిమ్మల్ని తరిమింది నేనే." ఒక్క ఉదుటున లేచి, తిరిగి ఇవ్వాల్సిన పేపర్ల కట్ట లాగి, వంటకత్తెరతో చివరి పేజీలు కత్తిరించడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే జెనోవైటె టీచరమ్మ పేపరు కోసం వచ్చింది. చూసింది.

"నువ్వు కూడానా దంగువోలె!"

మిగతా పేర్లు రాస్తూనే దంగువోలె అంతా చెప్పింది. రహస్యం అని ఆయన రెండుసార్లు దగ్గారు గానీ లాభం లేకపోయింది. టీచరమ్మ చేతి సంచీ బల్ల మీద పెట్టి, లెక్క తప్పినప్పుడు పిల్లల్ని చూసినట్టు ఆయన్ని చూసింది.

"ఇన్నేళ్ళూ నోరు విప్పి చెప్తే నీ సొమ్మేం పోయేదయ్యా? ఇలా ఇవ్వు కూపన్లు. నీ కొడుకుని నేనెప్పుడూ చూడలేదు కదమ్మా?"

"లేదండి."

"చాలు." తన కూపన్ తాను రాసి డబ్బాలో వేసి, మిగతావి పట్టుకుని బస్టాపు వైపు నడిచింది. ఏడో నంబరు రావడానికి ఆరు నిమిషాలుంది. నలభై ఏళ్ళు క్లాసుల్ని అదుపులో పెట్టిన గొంతు ఒక్కసారి లేచింది. "అందరూ పెన్నులు తియ్యండి! ఎయిమాంతాస్, సరస్సుల ఊరి జట్టు, పదిహేనో నంబరు. ఎవరు ఏమిటి అని అడక్కండి. మిగతా తొమ్మిది గీతల మీద మీకు ఎవరు తోస్తే వాళ్ళని రాసుకోండి!" జనం కిక్కురుమనకుండా తలా ఒకటి రాశారు. ఒకాయన పక్కవాడిది చూసి రాస్తుంటే ఆవిడ చేత మొట్టికాయ కూడా తిన్నాడు. ఐదుకి వ్యాను వచ్చేసరికి డబ్బా మూత పడలేదు.

శనివారం పొద్దున్నే పూలకొట్టులో ఫోన్ మోగింది.

"అమ్మా! తొమ్మిది! నువ్వు వెయ్యలేదుగా?"

"ఒట్టు తప్పలేదురా."

"మరెవరమ్మా వీళ్ళు?"

"ట్రాలీ బస్సెక్కేవాళ్ళు."

"వాళ్ళకి నేను తెలుసా?"

"తెలియదు నాన్నా. అందుకే వేశారు."

"సరే, ప్రాక్టీసుకి టైమైంది, పెట్టేస్తున్నా" అన్నాడు. టైల్స్ మాట ఎత్తలేదు. దంగువోలె పూలకొట్టావిడని కావలించుకుని తిరిగొచ్చేసరికి క్లెమెన్సాస్ గారు తన కొట్టు ముందు పేపరు పరుచుకుని ఉన్నారు. పక్కన టీచరమ్మ. ఆయన జాబితాని ఎప్పుడూ కింద నుంచి పైకి చదువుతారు. సున్నాలు అక్కడే ఉంటాయి కాబట్టి.

"సున్నా ఒక్కటీ లేదమ్మాయ్," అన్నారు తృప్తిగా. వేలు అలాగే జరుపుకుంటూ ఒక చోట ఆగిపోయారు. ఈసారీ ఓట్లొచ్చిన ఆ కుక్క పేరు కింద ఇంకో పేరు ఉంది. క్లెమెన్సాస్, ఏడో నంబరు ట్రాలీ బస్సు. మూడు ఓట్లు.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "ఎవరు చేశారీ పని?"

"ఓటు రహస్యం బాబాయ్."

"ఒకటి నువ్వు."

"అనుకోండి."

"రెండోది టీచరమ్మగారు. మరి మూడోది?"

దంగువోలె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ దంగువోలె వైపు చూసింది. "నేను ఒక్కటే వేశాను" అన్నారొకరు. "నేనూ ఒక్కటే" అన్నారు ఇంకొకరు. ఇద్దరూ ఆయన వైపు చూశారు.

ఆయన మెడలోని కత్తెర ఎడంచేత్తో తీయబోతే అది జారిపోతోంది. టీచరమ్మ దాన్ని లాక్కుని, తన పేపరు తీసి, ఆయన పేరున్న ముక్కని తనే నీటుగా కత్తిరించి ఆయన జేబులో పెట్టింది. వెనకవైపు నుడికట్టు ఉందని దంగువోలె గుర్తుచేస్తే, "పోనివ్వు. నిలువు పద్నాలుగు నాకు ఎప్పుడూ వచ్చి చావదు," అంది.

అప్పుడే ఏడో నంబరు కోసం బస్టాపులో పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఎవరి పేపరు వాళ్ళు చదువుకుంటున్నారు. క్లెమెన్సాస్ గారు వాళ్ళ వైపు చాలాసేపు చూశారు. తర్వాత టోపీ తలమీద పెట్టుకుని, ఆ వరస మొదటి నుంచి చివరి దాకా నడుస్తూ, ఆ మూడో ఓటు వేసింది అందులో ఎవరో తెలియదు కాబట్టి, ఒక్కొక్కరి ముందూ ఆగి అందరికీ టోపీ ఎత్తారు.