గొళ్లెం బయటున్న గది

మొన్న మా కామారెడ్డి ఆఫీసులో కొత్తగా చేరిన చెల్లె లాంటి పిల్ల, ఫిర్యాదు కాగితం ముందర పెట్టుకొని ఫోన్ చేతిలోకి తీసుకుంది. రాజంపేట దగ్గరి ఊళ్లో ఒకాయనను ఇంటివాళ్లు సరిగా చూస్తలేరని ఎవరో చెప్పారు, పోయి చూసి రావాలి. పోయే ముందు ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్తే మర్యాదగా ఉంటుందని ఆమె ఉద్దేశం. నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టిన. "ఏందన్నా, చెప్పకుంట పోతే మంచిగుంటదా? సరిగ్గ అన్నం టైముకు పోయినట్టయితది" అంది. ఆ పిల్ల తప్పు కాదు. మా దిక్కు పెంపకమే అంత. పంచాయితీ పెట్టుకోవడానికి పోయినా సరే, ముందుగాల ఫోన్ చేసి ఇంట్లనే ఉన్నరా అని అడిగి పోతాం. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే మర్యాద చేసిన. ఆ మర్యాద వల్ల ఎల్లారెడ్డి అవతల ఒక ఊళ్లో ఒక అక్క ఇంకో తొమ్మిది రోజులు గదిలో ఉండాల్సి వచ్చింది.

నా ఉద్యోగం ఏందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగా తెలియదు. వయసు మీదపడ్డవాళ్లు, మాట రానివాళ్లు, తమ సంగతి తాము చెప్పుకోలేనివాళ్లు ఇంట్లోనే దెబ్బలు తింటున్నారనో, తిండికి అలమటిస్తున్నారనో ఫోన్ వస్తే, పోయి చూసి, రాసి, చేయగలిగింది చేయడం. మా బాపు మాత్రం అడిగినవాళ్లందరికీ "మావోడు ఇండ్లల్ల కొట్లాటలు చూసొస్తడు" అని చెప్తాడు. పెండ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పాడు, అందుకే వాళ్లు మళ్లీ రాలేదు. నా పైన ఒక మేడం. యాభై దాటిన మనిషి, ఎండాకాలం కూడా స్వెట్టర్ సంచిలో పెట్టుకొని తిరుగుతుంది. నేను జోకు వేస్తే నవ్వదు. పూర్తయ్యేదాకా ఆగి, "అయిపోయిందా?" అని అడిగి పని చెప్తుంది.

ఆ అక్క గురించి ఫోన్ చేసింది పక్కింటి ఖాలా, మా దిక్కు ముస్లిం పిన్నమ్మలను అట్లనే పిలుస్తాం. ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. ఖాలా ఇంటి అరుగు మీద ఇరవై ఏండ్లు ముగ్గురు పక్కపక్కన కూర్చొని చుట్టారట: ఖాలా, ఆ అక్క, అక్క వాళ్లమ్మ. అక్కకు పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. వయసు నలభై పైన. తల్లి అంతకుముందటి ఏడాది వానాకాలంలో చనిపోయింది. అప్పుడు తమ్ముడు, మరదలి దగ్గర ఉంటున్నది. ఖాలా ఫోన్లో చెప్పిన ముచ్చట నేను అప్పుడు కాగితం మీద రాసుకున్న కానీ బుర్రలోకి తీసుకోలేదు. బీడీ మూతి మడిచే తీరు ఒక్కొక్కరిది ఒక్కొక్కటి, చేతిరాత లెక్క. కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే ఆయనకు, పక్కన కూర్చొని చుట్టినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. "మరదలు తెచ్చే కట్టలల్ల సగం ఆమె చేతివి బేటా. చెయ్యి కనవడుతున్నది, మనిషి కనవడతలేదు. రెండు నెలలాయె" అంది ఖాలా.

నేను తమ్ముడికి ఫోన్ చేసిన. రేపు పదింటికి వస్తున్న అన్నా, ఇంట్లనే ఉంటరా అన్న. ఉంటం సార్, రాండ్రి అన్నాడు. పోయేసరికి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ఉంది. అక్క ముందరి గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. కొత్త చీర, దుకాణంలో మడిచిన మడతలు ఇంకా అట్లనే గీతలు గీసినట్టు ఉన్నాయి. కొంగు తలమీదికి నిండుగా కప్పుకుంది, పద్ధతిగల మనిషి అనుకున్న. నేనేం అడిగినా తమ్ముడే జవాబు చెప్పాడు. మూడు పూటలు తింటదా? తింటది. ఒంట్లో ఎట్లున్నది? మంచిగున్నది. మరదలు సాసర్లో చాయ్ గ్లాసు పెట్టి తెచ్చింది, పక్కన రెండు బిస్కెట్లు. నేను బిస్కెట్ ముంచుకుంటూ, "అక్క నాకంటె మంచిగున్నది, జాగ ఉంటె నన్ను గూడ ఉంచుకోండ్రి" అన్న. అందరూ నవ్వారు. అక్క నా నోటిదిక్కు చూసింది, తర్వాత బిస్కెట్ దిక్కు చూసింది. షేర్ ఆటోలో ఎల్లారెడ్డి వచ్చి, బస్సులో కామారెడ్డి చేరి, "సంరక్షణ సంతృప్తికరంగా ఉంది" అని అందమైన అక్షరాలతో రిపోర్టు రాసిన.

మేడం అప్పుడు శిక్షణకు పోయి ఉంది. ఎనిమిది రోజులకు వచ్చి కాగితం చదివింది. "ఆమె ఏమన్నది?" అని అడిగింది.

"ఆమెకు మాట రాదు మేడం."

"అది నాకు తెలుసు. ఆమె ఏమన్నది?"

నేను 'సంతృప్తికరంగా' అన్న చోట వేలు పెట్టి చూపించిన. "సరే, ఆమె పడుకునే గది చూసినవా?" చూడలేదు. "ఆ గదికి గొళ్లెం లోపలి దిక్కున్నదా, బయటి దిక్కున్నదా?" అది కూడా తెలియదు. "బిస్కెట్లు ఏం బిస్కెట్లు?" అంది. అవి తెలుసు. చెప్పిన. మేడం నా రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

తెల్లారి ఇద్దరం చెప్పకుండా పోయినం. ఎల్లారెడ్డి నుంచి ఆటోలో నాట్లకు పోయే ఆడవాళ్ల మధ్య ఇరుక్కొని, మోకాళ్ల మీద ఎవరిదో అన్నం టిఫిను పెట్టుకొని. ఇంటి ముందు మరదలు బీడీ ఆకు తడిపి గోనెసంచిలో చుడుతున్నది. మమ్మల్ని చూసి లేచి, "ఒక్క ఫోన్ చేస్తె అయిపోవు గద సార్" అంది నాతో. నిజమే, చేస్తే అయిపోయేది. మేడం నేరుగా ఇంటి వెనక గదిదిక్కు పోయింది. గొళ్లెం బయటున్నది.

లోపల ఏముందో నేను గట్టిగా చెప్పదలచుకోలేదు. ఒక చాప. ఒక బకెట్. ఒక్కటే కిటికీ, దానికి ఎరువుల సంచి కట్టారు. చాట ఒళ్లో పెట్టుకొని అక్క బీడీలు చుడుతున్నది. కొంగు తలమీద లేదు, అప్పుడు కనిపించింది. జుట్టు అడ్డదిడ్డంగా, ఆకు కత్తిరించే కత్తెరతోనే కత్తిరించినట్టున్నారు. తలుపు తెరిచిన వెలుగుకు కండ్లు చిట్లించింది, చేతులు మాత్రం ఆగలేదు. మడతల గీతలున్న కొత్త చీర మూలకు, దండెం మీద ఉంది. ఇంకో సార్ వచ్చే రోజు కోసం దాచినట్టు.

ఇంతలో వాకిట్లో మంది పోగయ్యారు. తమ్ముడు పొలం నుంచి ఉరికి వచ్చి మేడం కాళ్ల మీద పడబోయాడు. కాళ్లకు బురద ఉంది, ఆమె వెనక్కి జరగడంతో నేల మీద పడ్డాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకొని, "ఇది ఇంటి ముచ్చటమ్మా" అన్నాడు. "అవును, అందుకే ఇంట్లకొచ్చిన" అంది మేడం. ఆయన బర్రె కట్టేసి వస్తానని పోయాడు. మరదలు ఏడవలేదు. నిలబడి చెప్పింది. "విడిస్తె బస్సెక్కుతది మేడం. రెండుసార్లు బాన్సువాడ దాక పోయింది. నోరు లేని ఆడమనిషి, ఎవడన్న ఎత్తుకపోతె నేనే గద జవాబు చెప్పేది. చుట్టకుంటె ఇల్లు గడవది, చుట్టుకుంట కావలి ఎట్ల కాయాలె?"

"నీ భయం నిజమే. గొళ్లెం గూడ నిజమే. రెండు రాస్త" అంది మేడం. "అయితె, బాన్సువాడ ఎందుకు పోతున్నదో అడిగిండ్రా?"

పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉండి తమ్ముడు నేర్చుకున్న సైగలు మూడే: తిను, రా, ఊకో. మిగతావన్నీ తల్లికి తెలుసు, ఖాలాకు తెలుసు. మేడం ఖాలాను పిలిపించింది. గడపలో ఖాలాను చూడగానే అక్క చేతులు మొదటిసారి ఆగాయి. చాట పక్కకు నెట్టి లేచింది. ఖాలా అడిగింది: ఎక్కడికి? అక్క ముక్కు పక్కన వేలు పెట్టింది. "ముక్కుపుడక. వాళ్లమ్మ" అని ఖాలా మాకు చెప్పింది. తర్వాత అక్క రెండు పిడికిళ్లు ముందర పెట్టి ఊపింది, ఆటో. జబ్బకు వేలు గుచ్చుకుంది, సూది, దవాఖానా. చివరికి అరచేయి తిప్పి ఖాళీగా చూపించింది. రాలేదు.

ఖాలా తమ్ముడి దిక్కు తిరిగింది. "చెప్పలేదా మీరు?"

అప్పుడు బయటపడింది. తల్లిని ఆటోలో బాన్సువాడ దవాఖానాకు తీసుకుపోతుంటే అక్క గడపలో నిలబడి చూసింది. అక్కడ తల్లి ప్రాణం పోయింది. తండ్రి పోయినప్పుడు ఈమె శవాన్ని విడవకుండా పట్టుకొని గుంతలోకి దిగిందట. ఈసారి అట్ల కావద్దని, శవం వచ్చేలోపే అక్కను బిచ్కుందలో ఉండే చిన్నమ్మ ఇంటికి పంపించారు. నెలల తరబడి అక్కడే ఉంచారు. మరాఠీ, కన్నడం, తెలుగు అన్నీ వినిపించే ఆ ఊళ్లో ఆమెకు ఏ భాషలోనూ ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చిన పదిహేను రోజుల్లో రెండుసార్లు అమ్మను వెతుక్కుంటూ పోయింది, రెండోసారి తర్వాత గొళ్లెం పడ్డది. ఖాలా పక్కన మళ్లీ అరుగు మీద కూర్చునే లోపే. "ఎట్ల చెప్పాల్నో తెల్వలే. తెల్వకుంటెనే నిమ్మలంగ ఉంటది అనుకున్నం" అన్నాడు తమ్ముడు. మూడు వారాల కిందనే సంవత్సరీకం కూడా పెట్టారు. ఆ రోజు వండిన అన్నం ఒక పళ్లెంలో ఆ గదిలోకి కూడా పోయింది. ఎవరి అన్నమో తెలియకుండానే ఆమె తిన్నది.

ఖాలా చెప్పడానికి చేతులెత్తింది. మేడం ఆపింది. "నువ్వు నేర్పియ్యి. చెప్పాల్సింది ఆయన." ఖాలా అక్కడికక్కడ, గడప బయట, తమ్ముడికి నేర్పించింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మొలకు బురద లుంగీ, చిన్న బడి పిల్లగాని లెక్క ఆమె చేతులు చూసి చేశాడు. లోపలికి పోయి అక్క ముందు కూర్చున్నాడు. ముక్కు పక్కన వేలు పెట్టాడు. కండ్లు మూసి తల పక్కకు వాల్చాడు. అక్కడ ఆగిపోయాడు. అక్క తల ఊపింది: అవును, పడుకున్నది, ఎక్కడ? ఇంకొకటి మిగిలింది, అది చేస్తేగాని కాదు. తమ్ముడు రెండు దోసిళ్లు నింపినట్టు పట్టి, నేల మీదికి వంచి, విడిచాడు. మట్టి.

అక్క ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే ఒకసారి చేసింది, మట్టి పోసినట్టు, ఖాలా దిక్కు చూస్తూ. ఖాలా తల ఊపింది. అక్క గాలిలో వేళ్లు తిప్పింది. "ఎప్పుడని అడుగుతున్నది" అంది ఖాలా. ఆ జవాబు ఖాలానే చెప్పింది. వేళ్లతో వాన కురిపించింది. చప్పట్లు కొడుతూ వంగి బతుకమ్మ ఆట ఆడింది. భుజాల మీద దుప్పటి కప్పుకుంది. నుదుటి చెమట తుడిచింది. మళ్లీ వాన. ఆ గదిలో ఒక ఏడాది గడవడానికి అర నిమిషం పట్టలేదు. అక్క గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. దాన్ని ఏడుపు అనవచ్చో లేదో నాకు తెలియదు. ఆమె అది ఎన్నడూ విని ఉండదు.

తర్వాత లేచి తమ్ముడి చెయ్యి పట్టి బయటికి గుంజింది. బొందలగడ్డకు, తల్లిని మట్టి చేసిన చోటికి పోయారు, వెనక ఖాలా, మేం. మేడం నాతో "నువ్వు మాట్లాడకు" అంది, నేను మాట్లాడే ఆలోచనలో లేకపోయినా. అక్క గుంతలోకి దూకలేదు, ఎవరినీ పట్టుకోలేదు. గడ్డి మొలిచిన ఆ మట్టి మీద అరచేయి పెట్టి కూర్చుంది, ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా. ఇంటికి వచ్చి లోపలికి పోకుండా నల్లా దగ్గర ఆగి, చీరతోనే తలమీద నీళ్లు పోసుకుంది, మట్టి చేసి వచ్చినవాళ్లు పోసుకున్నట్టు. మరదలు అది చూసి మేడం దగ్గరికి వచ్చింది. మొదటిసారి గొంతు తగ్గింది. "ఆమెకు ఇయ్యాలనే పోయింది గద మేడం. మల్ల దినాలు పట్టాల్నా?"

"నన్నెందుకు అడుగుతవు? ఆమెను అడుగు" అంది మేడం.

పట్టారు. బంధువులకు ఫోన్లు పోయాయి. బిచ్కుంద చిన్నమ్మ "ఎవలు పోయిండ్రు?" అని అడిగితే "ఆమెనే" అన్నారు, ఆమె మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పారు. తమ్ముడు ఇంకోసారి గుండు చేయించుకున్నాడు. మేడం దినాల పదకొండు రోజులూ ఏ ప్రశ్నా అడగలేదు కానీ గొళ్లెం ఆ పొద్దే తమ్ముడితోనే తీయించింది, గది సంగతంతా రాసి ఎల్లారెడ్డిలో ఆర్డీవో ఆఫీసులో ఇచ్చింది, రాత్రుళ్లు అక్క ఖాలా ఇంట్లో పడుకునే ఏర్పాటు చేసింది. దినాలయ్యాక అడిగింది: కామారెడ్డిలో ఆడవాళ్లుండే ఇల్లు ఉంది, వస్తావా? అక్క ఖాలా అరుగు చూపించింది. ఇప్పుడు అక్కడే చుడుతున్నది, తన పేరు మీద కార్ఖానా ఇచ్చిన బీడీ కార్డుతో. నేను నెలకోసారి పోతున్న, చెప్పకుండా. గొళ్లెం పెట్టిన చోట తలుపుకు నాలుగు మేకు రంధ్రాలు ఉన్నాయి. మళ్లీ ఆమె బాన్సువాడ బస్సు ఎక్కలేదు.

ఆ ఇంట్లో ఆ తల్లి కోసం ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు అన్నం వండుతారు, మధ్యలో మూడు వారాల ఎడం. ఎందుకని ఎవరైనా అడిగితే తమ్ముడు "మొదటిది మాది, రెండోది అక్కది" అని చెప్తాడు. అంత చిన్న ఎడంలో ఆమె తలుపు దిక్కు చూస్తూ కూర్చున్న ఏడాదంతా ఉంది. మనం ఒక మనిషికి చెప్పకుండా దాచిన రోజు గడిచిపోయిందనుకుంటాం కానీ, అది ఎటూ పోదు, ఎవరో ఒకరు వచ్చి చెప్పేదాకా ఆ మనిషి కోసం అక్కడే ఆగి ఉంటుంది.