నూకాలత్త రొంటిలో దొరికిన చుట్ట

మా అత్తగారు నూకాలు పోయిన మంగళవారం ఉదయం, జాలరిపేట ఒడ్డున, గంప ముందు కూర్చుని, కానాగంత చేపల బేరం మధ్యలో కన్నుమూసింది. కొనడానికి వచ్చినావిడ ధర తగ్గించమని అడిగి జవాబు కోసం చూస్తోందట. జవాబు రాలేదు. బేరంలో మా అత్త నోరు మెదపకపోవడం ఆ ఒడ్డు ఎన్నడూ ఎరగదు కనుక, ఏదో అయిందని పక్క గంపల వాళ్లకి ఆ క్షణమే తెలిసిపోయిందట. నేను మద్దిలపాలెంలో ఆఫీసులో ఉన్నాను. మా ఆయన అప్పలరాజు ఫోన్ చేసి "అమ్మ" అని ఆగిపోయాడు. నేను "మళ్లీ ఎవరితో తగువు మీ అమ్మకి" అన్నాను. ఆ మాట అన్న నాలుక ఇవాళ్టికీ చేదుగానే ఉంది.

పెద్దకార్యం నాడు పంచే ఈ చిన్న పుస్తకానికి నాలుగు మాటలు రాయమని పేట సంఘం వాళ్లు అడిగారు. చదువుకున్న కోడలివి, పుణ్యమూర్తి, వాత్సల్యమూర్తి అని రాసెయ్, సరిపోతుంది అన్నారు. రాయను. ఆవిడది అంత మూర్తీభవించిన వాత్సల్యమే అయితే నా పెళ్లయిన ఏడాది నా పుట్టింటివాళ్లని అన్ని మాటలు అని ఉండేది కాదు. మా అత్త మహత్తు వేరే చోట ఉంది. ఆవిడ నలభై ఏళ్లు అడ్డపొగ తాగింది. రెండేళ్ల కిందట మానేసింది. మానేసిన మనిషిగానే వెళ్లిపోయింది. ఈ చివరి వాక్యాన్ని పేటలో సగం మంది నమ్మడం లేదు. ఆ సగం మంది కోసమే ఈ వ్యాసం. మిగతా సగం చదవకపోయినా నష్టం లేదు.

పేట బయటివారికి ఒక ముక్క చెప్పాలి. చుట్టని అందరిలా కాక, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద సరుకు మీద రాలదు, చేతులు రెండూ చేపల పనికి ఖాళీగా ఉంటాయి. ఇదీ మా ఆడవాళ్ల సమర్థన. ఈ లెక్కలో నోరు అనే అవయవం ఎక్కడా రాదు. నేను కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన పెరిగినదాన్ని, బొగ్గు ధూళి నాకు కొత్త కాదు. అయినా కాపురానికి వచ్చిన మొదటి వారం, మా అత్త మాట్లాడుతూ నోరు తెరిస్తే లోపల ఎర్రగా నిప్పు కనిపించి, ఆ పూట నాకు అన్నం సహించలేదు. తర్వాత అలవాటైపోయిందని రాస్తే అబద్ధం. దిండు, దుప్పటి, ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ, నా పుస్తకాల అట్టలు, ఆఖరికి నా కూతురి జుట్టు, అన్నిటికీ అదే కంపు. ఇరవై ఏళ్లు ఆ కంపుని అసహ్యించుకుంటూ కాపురం చేశాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆవిడని మాన్పించడానికి మామగారు బతికున్న రోజుల్లో బతిమాలాడు. కొడుకు ఏడ్చాడు. నేను వాదించాను. నేను వాదించిన రోజుల్లో రెండు చుట్టలు ఎక్కువే తాగింది. చివరికి మాన్పించింది వేలెడంత అద్దం. పన్ను నొప్పని తీసుకువెళ్తే పంటి డాక్టరమ్మ అంగిలి కనపడేలా అద్దం పెట్టి, ఉపన్యాసానికి గొంతు సవరించుకుంది. మా అత్త ఆవిడ చేతిలోంచి అద్దం లాక్కుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

"ఏటే ఇది. ఇది నా నోరేటే. పొయ్యి మీద అటక లాగుంది."

"నీదే అత్తా. ఇంకెవరిది."

"ఛీ" అంది.

అంతే. డాక్టరమ్మ ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. ఆటో దిగగానే చుట్టల కట్ట మురిక్కాలవలో పడింది. ప్రేమ చేయలేని పనిని ఏవగింపు చేసింది. ఏవగింపు అధమమైన భావమని చెప్పే పెద్దలు నాతో వాదనకి రావచ్చు. మా అత్త "ఛీ"ని మించిన ఉపదేశాన్ని నేను నా చదువులో ఎక్కడా చూడలేదు.

మానడం అక్కడితో అయిపోలేదు. అక్కడ మొదలైంది. మొదటి పది రోజులు ఆవిడ తల పగిలిపోతోందని గుడ్డ బిగించి కట్టుకుంది. విరేచనం కాలేదు. నిద్ర లేదు. గంప ఎత్తిన చేతులు వణికేవి. వచ్చినవాళ్ల మీద, పోయినవాళ్ల మీద, గోడ మీద బల్లి మీద కూడా విరుచుకుపడేది. మామగారి తమ్ముడు గురయ్య, మాకు చిన్నమావ, చెవి మీద ఎప్పుడూ చుట్ట పెట్టుకుని తిరిగే మనిషి, రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని పొగ ఆవిడ వైపే వదిలేవాడు.

"ఒక్క దమ్ము వదినా. ఒంట్లో యేడి పోతాది. ఈ వయసులో యేడి పోతే మనిసి నిలవడు."

"యేడి కావాలంటే ఎండలో కూకుంటాన్రా. నువ్వు నెగు ఇక్కడ్నించి."

అతను వెళ్లాక నేను అడిగాను, ఎలా ఓర్చుకుంటున్నావని. మా అత్త సముద్రం వైపు చూపించింది. పడవని నీళ్లలోకి తోసేటప్పుడు మా వాళ్లు అలల్ని చూస్తూ నిలబడతారు. పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మూడు పోనిస్తే నీళ్లు కాస్త తేటపడతాయి. అప్పుడు తోస్తారు. ఆత్రపడి మొదటి అలకే తోస్తే పడవ తిరగబడుతుంది.

"ఇదీ అంతేనే. నాలిక పీకుతాది. ఒకటి. మళ్లీ పీకుతాది. రెండు. మూడోది మా సెడ్డది, పేనం పట్టుకెలిపోతాదనిపిస్తాది. అది కూడా ఎలిపోతాది. కాసుకోవాల, అంతే."

"మూడు అయ్యాక మళ్లీ వస్తే?"

"మళ్లీ మూడు కాసుకోవాల. నీకేటి పని, నాకేటి పని."

ఆ మూడు అలలూ దాటేదాకా బుగ్గలో వేయించిన చింతపిక్క ఉండేది. రొంటిన దోపుకునే గుడ్డసంచిలో ఇంటి తాళంచెవి, గుప్పెడు చింతపిక్కలు. బేరంలో బుగ్గ ఉబ్బెత్తుగా కనపడితే అత్త ఒకటో అలలో ఉందో మూడో అలలో ఉందో నేను చెప్పగలిగేదాన్ని.

రెండు నెలలకి ఆవిడకి ముక్కూ నాలుకా తిరిగి వచ్చాయి. అదొక ప్రళయం. ఒక మధ్యాహ్నం కూర నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఉప్పు కసం. ఎవులు ఒండినారిది?"

"నువ్వే అత్తా. ఎప్పుడూ ఇంతే వేస్తావు."

"ఇన్నేళ్లూ ఇదే తిన్నారేటర్రా మీరు?"

అప్పలరాజు తల వంచుకుని తినేశాడు. అతనికి అమ్మ కూర అంటే అదే రుచి. ముక్కు తిరిగి రావడం ఇంకా ఘోరం. చేపల గంప కంపు, కాలవ కంపు, చిన్నమావ చొక్కా కంపు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. పక్కింటావిడ అడ్డపొగతో వచ్చి ఆనుకుని కూర్చుంటే మా అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆవిడ వెళ్లేదాకా ఆగి, నన్ను పిలిచింది.

"నానూ ఇలాగే కొట్టీదాన్నేటే?"

"ఇంకా ఎక్కువ."

"మరి సెప్పలేదేటి?"

"ఇరవై ఏళ్లు రోజూ చెప్పినాను."

"నువ్వు సెప్పింది కంపు గురించనుకున్నానేటి, నా గురించనుకున్నాను" అంది.

ఇప్పుడు రాయవలసిన చోటికి వచ్చాను. ఇంతవరకూ రాసినదంతా దీన్ని వాయిదా వేయడానికే రాశానేమో.

ఆవిడ మానిన పదిహేడో రోజు. పొద్దున్నుంచి నన్ను తిడుతూనే ఉంది. టీ చల్లారిందని గ్లాసు విసిరింది. మా నాన్న ప్రస్తావన తెచ్చింది. నేను మాట పడే మనిషిని కాదు. చెప్పులు వేసుకుని కొట్టుకి వెళ్లి ఒక చుట్ట కొన్నాను. తెచ్చి ఆవిడ ఒళ్లో పడేశాను.

"తాగు. తాగి చావు. మాకు మనశ్శాంతయినా దక్కుతాది."

పదిహేడు రోజులు నరకం పడిన మనిషికి నేను ఇచ్చిన బహుమానం అది. ఇరవై ఏళ్లు పొగాకుని అసహ్యించుకున్న నేను, నా చేతులతో కొని, నా చేతులతో ఇచ్చాను. చిన్నమావకీ నాకూ తేడా ఏమిటంటే అతను నవ్వుతూ ఇవ్వబోయాడు, నేను తిట్టి ఇచ్చాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన రోత ముందు ఆ అడ్డపొగ కంపు ఏ మూలకి.

మా అత్త దాన్ని తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. బుగ్గలో పిక్క అటునుంచి ఇటు మారింది. చాలాసేపటికి దాన్ని రొంటిసంచిలో పెట్టి ముడేసింది.

"పారేయ్ అత్తా. కోపంలో తెచ్చినాను."

"పారీను. ఇది నా ఎంటే ఉండాల. అల అవుపిస్తేనే కదే ఎప్పుడు కాసుకోవాలో తెలిసీది."

ఆ తర్వాత రెండేళ్లూ ఆ చుట్ట ఆవిడ రొంటిలోనే ఉంది. చీర మార్చినప్పుడు సంచీ మారేది కాదు. నేను చేసిన పని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి కూడా. ఒడ్డున నాలుగు గంపల ఆడవాళ్లు కూర్చుంటే కోడళ్ల గురించి ఎన్ని కథలు తిరుగుతాయో మీకు తెలుసు. ఈ ఒక్క కథ తిరగలేదు.

ఆవిడ పోయిన రోజు స్నానం చేయించిన ఆడవాళ్లకి ఆ సంచీ దొరికింది. ముడి విప్పారు. తాళంచెవి, చింతపిక్కలు, చుట్ట. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, సాటుగా తాగీదన్నమాట" అంది ఒకావిడ, జాలిగా. ఆ జాలి నాకు కత్తిలా దిగింది. సాయంత్రానికి మాట పేటంతా పాకింది. చిన్నమావ ఇంకో మెట్టు ఎక్కాడు. "సాటుగా తాగినా సాల్లేదు. సరిగ్గా తాగనేదు గావట్టే ఎలిపోనాది. నాను సెప్పినాను, యేడి పోతాదని." అంటే తాగిందన్న నింద ఆవిడదే, మానడం వల్ల చచ్చిందన్న నిందా ఆవిడదే. రెండూ ఒకే నోటితో అనగలిగిన మనుషుల మధ్య బతుకుతున్నాం.

మూడో రోజు, చిన్నదినం, ఒడ్డున ఆకు వేశాం. అన్నం, నెత్తళ్ల చేపల కూర పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. ఎండెక్కింది. కాకి రాకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిందంటారు. చిన్నమావ ఆ సంచీ తెప్పించి, చుట్ట తీసి, అంటించడానికి చూశాడు. అది అంటుకునేదాకా ఆగలేదు. వేళ్ల మధ్య పొడి పొడిగా విరిగి ఇసకలో రాలింది. "గాలి" అన్నాడు. చెవి మీది తన చుట్ట తీసి, వెలిగించి, ఆకు మీద పెట్టాడు.

మామగారి ఆబ్దికంలో ఏటా ఆకు మీద చుట్ట పెడతారు. తను మానేశాక వచ్చిన ఆబ్దికం నాడు మా అత్త నాతో ఒక మాట అంది. "మీ మావకి ఎట్టినారు, సర్లే. నా ఆకులో మాత్రం ఎట్టనీకే." ఆ మాట నా చెవిలో మోగుతోంది. నేను అడ్డుపడాలి. అడ్డుపడితే, మరి సంచీలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. అందరి ముందూ, అప్పలరాజు ముందూ, చెప్పాలి. జీవితంలో ఎవరికీ మాట మిగల్చని నేను ఆ పూట నోరు మూసుకుని నిలబడ్డాను.

కాకి వచ్చింది. చుట్ట వంక చూడనైనా చూడలేదు. నెత్తళ్లు ముక్కున కరుచుకుని పోయింది. "సూసినారా, అదే కావాల ఆవిడికి" అన్నాడు చిన్నమావ. అందరూ తృప్తిగా ఇళ్లకి వెళ్లారు.

అందరూ వెళ్లాక ఇసకలో ఆ పొడి ఏరాను. కాగితంలో కట్టి ఇంట్లో ఉంచాను. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూడవచ్చు. తాగే మనిషి రొంటిలో చుట్ట పూట కూడా నిలవదు. రెండేళ్లు నిలిచి, ఎండి, పొడైపోయిందంటే ఆ మనిషి తాగలేదనే. ఇంతకన్నా సాక్ష్యం కావాలా. ఆ చుట్ట కొన్నది నేను. తిట్టి ఇచ్చింది నేను. పొగ తాగని మనిషి సంచిలో పొగాకు దొరకడానికి కారణం నేను. అప్పలరాజుకి నిన్న చెప్పాను. అతను లేచి వెళ్లి, వేయించడానికి చింతపిక్కలు తెచ్చాడు.

ఇటువంటి మనిషి మళ్లీ పుట్టదని రాయడం ఆనవాయితీ. పుడితే పుట్టనివ్వండి, నాకు పనికిరాదు. నాకు మాటకి మాట అప్పగించే మనిషి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. మొన్న కూరలో ఉప్పెక్కువైతే అప్పలరాజూ నేనూ అలాగే తినేశాం. ఇల్లు శుభ్రమైన వాసన వేస్తోంది. ఇరవై ఏళ్లు నేను కోరుకున్న వాసన అదే. భరించలేకపోతున్నాను.

ఈ పుస్తకం మీ చేతికి అందే వేళకి ఒడ్డున ఆకు వేసి ఉంటుంది. అన్నం, నెత్తళ్ల కూర, ఉప్పు తక్కువగా. పక్కన గుప్పెడు చింతపిక్కలు. చుట్ట ఉండదు. ఎవరి చెయ్యయినా చెవి మీదకి పోతే, ఆకు పక్కన నేను కూర్చుని ఉంటానని ముందే చెబుతున్నాను. కాకి రాకపోతే రాకపోనివ్వండి. మా అత్త తొందరపడే మనిషి కాదు. మూడు అలలు పోనిస్తాను. అప్పటికీ రాకపోతే, మళ్లీ మూడు.