పని మాట

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని ఒళ్ళో బుట్ట పెట్టుకున్నాడు. గడ్డిలో మాగిన చిన్నరసాల వాసన బస్సంతా కమ్ముకుంది. కండక్టరు కూడా టికెట్ పని లేకుండానే ఓసారి మా సీటు దాకా వచ్చి వెళ్ళాడు. ఆ వాసనకి అందరికీ వేసవి సెలవులు గుర్తొస్తాయేమో. నాకు రత్నకుమారి టీచర్ గారూ, ఆవిడ మీద ఏళ్ళ తరబడి నేను శ్రద్ధగా పెంచుకున్న అసూయా గుర్తొస్తాయి. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అసూయ ఆరోగ్యంగానే ఉంది.

మా నాన్న నూజివీడు దగ్గర మామిడి రైతు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా నేనూ ఒక మండలిలో ఉండేవాళ్ళం. దాని పేరు చెప్పను, చెప్పినా నాలుగు ఊళ్ళు దాటితే ఎవరికీ తెలియదు. తెల్లబట్టలు, వేకువనే ప్రార్థన, బయటివాళ్ళు వండింది తినకపోవడం. మంచివాళ్ళే. డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరిన రెండో ఏడు నాకు నమ్మకం పోయింది. గొప్ప కారణమేమీ లేదు. జేబులోంచి పర్సు పోయినట్టు పోయింది, వెతికినా దొరకలేదు. దీక్ష కండువా తిరిగి ఇచ్చేసి ఊళ్ళో గది తీసుకున్నాను. అలా ఇచ్చేసినవాళ్ళని మండలిలో ‘జారినవాళ్ళు’ అంటారు. దీక్షలో ఉన్నవాళ్ళు వాళ్ళతో మాట్లాడకూడదు. మినహాయింపు ఒక్కటే, పని మాట. అంటే, చేస్తున్న పనికి అవసరమైనంత మాట ఆడవచ్చు. నాన్న నియమాన్ని నిష్ఠగా పాటించే మనిషి. మూడేళ్ళు నాతో ఏ పనీ పెట్టుకోలేదు.

రత్నకుమారి గారు రిటైరైన టీచరు. బాపులపాడు అవతల చిన్న తోట ఉండేది. ఆవిడా ఎప్పుడో జారినావిడే. భర్త మాత్రం చివరిదాకా దీక్షలోనే ఉన్నారు. పదకొండేళ్ళు ఆ ఇద్దరూ పని మాట మీదే కాపురం చేశారు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడం పని మాటేనా అని ఆయన మొదట వారం రోజులు ఆలోచించి, అవునని తేల్చుకున్నాడట. ఆయన పోయేనాటికి ‘వాన వచ్చేలా ఉంది’, ‘నీ జ్వరం తగ్గిందా’ కూడా పని మాటల్లో చేరిపోయాయట. ఆదివారాలు ఆవిడ తోట షెడ్డులో మాలాంటివాళ్ళం అయిదారుగురం కూర్చునేవాళ్ళం. అక్కడ ఒకే ఒక్క నిషేధం, మండలి మీద జోకులు వేయకూడదు. వెళ్ళిన మొదటి ఆదివారమే నేను ఒకటి వేశాను. బాగా పేలింది కూడా. టీచర్ గారు అందరి నవ్వూ ఆగేదాకా ఊరుకుని, “ఇదే జోకుకి మీ నాన్నగారు నవ్వుతారా లెక్చరరూ? నవ్వేలా చెప్పగలిగిన రోజు చెప్పు, నేనూ నవ్వుతా” అన్నారు. అప్పటినుంచి నేను చాలా తక్కువ మాట్లాడేవాణ్ణి.

ఒక ఏడు పూతకి తేనెమంచు పురుగు పట్టిందని ఆవిడ మా నాన్నని సలహా అడగడానికి వెళ్ళారు. ఆయన వచ్చి చెట్లు చూసి మందు చెప్పాడు. మళ్ళీ వారం వచ్చాడు. ఆ పై వారం కూడా వచ్చాడు. ఆదివారం తప్ప ఏ రోజైనా ఆయన మోపెడ్ ఆ గేటు దగ్గర ఉండేది. ఒక బుధవారం, పుస్తకం తిరిగివ్వాలన్న వంకతో వెళ్ళి కంచె దగ్గరే ఆగిపోయాను. ఆవిడ “అన్నయ్యగారూ” అంటూ ఏదో చెబుతున్నారు, మా నాన్న నవ్వుతున్నాడు. నవ్వితే ఆయన భుజాలు ఊగుతాయి. ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆవిడా నేనూ ఇద్దరం జారినవాళ్ళమే. నేరం ఒకటే, శిక్ష ఒక్కరికే.

ఆ సాయంత్రం ఆపుకోలేక అడిగేశాను. “పురుగుమందు గురించి గంటసేపు మాట్లాడుకునేంత ఏముంటుందండీ?”

“ఏముంటుంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది.”

“మరి మిగతా యాభై అయిదు?”

“నీ గురించే” అన్నారావిడ. ఆపై తనే చెప్పుకొచ్చారు. “నేను దీక్ష మానేసినందుకు మీ నాన్న ఒక్కపూట కూడా అన్నం మానలేదయ్యా. నువ్వు కండువా ఇచ్చేశాక మూడు రోజులు ఏమీ తినలేదు. పై లోకంలో తనూ మీ అమ్మా ఒకచోట, నువ్వొక్కడివే ఎక్కడో ఉంటావని ఆయన భయం. అది నాతో అయితే తేలిగ్గా చెప్పగలడు. నీతో చెప్పాలంటే నీ మొహం చూడాలిగా.”

ఇలాంటి మాటకి మనిషి కరిగిపోవాలి. కరిగాను కూడా. కానీ ముందుగా వచ్చిన ఆలోచన మాత్రం, ఇది కూడా ఈవిడకే చెప్పాడా అని.

ఆ ఏడు కోతకి మనుషులు దొరకలేదని ఆవిడ మా ఇద్దరికీ విడివిడిగా కబురు పెట్టారు. పక్క తోటలో కూలీలు ఖాళీగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. చివర వల కట్టిన పొడవాటి గెడతో నాన్న కాయలు కోసి కిందికి దించాలి, నేను తీసి ట్రేలో సర్దాలి. మొదట్లో ఆయన, “టీచర్ గారూ, ఆ అబ్బాయిని ట్రే ఇటు జరపమనండి” అన్నాడు. ఆవిడ, “పొయ్యి మీద పాలున్నాయి అన్నయ్యగారూ” అంటూ లోపలికి వెళ్ళిపోయారు. నాన్న కాసేపు కొమ్మల్లోకి చూసి, కొమ్మలతోనే, “ట్రే” అన్నాడు. మూడేళ్ళలో మొదటి మాట. జరిపాను.

తర్వాత, రైతు కొడుకై పుట్టినవాడు చేయకూడని పని ఒకటి చేశాను. తొడిమ పొడుగ్గా ఉందని కాయని మొహం ముందు పెట్టుకుని పుటుక్కున విరిచాను. సొన చిమ్మి కంట్లో పడింది. గెడ నేలమీద పడిన చప్పుడు వినిపించింది.

“నులమకు. చెయ్యి తియ్యి. నులమొద్దన్నానా” అంటూ నాన్న నీళ్ళు తెచ్చి కన్ను కడిగాడు. ఇంతవరకూ నియమం ప్రకారం పని మాటే. ఆ తర్వాత దీక్ష కండువాతో నా మొహం తుడుస్తూ, “ఆరేళ్ళప్పుడూ ఇంతే నువ్వు. అప్పుడు మీ అమ్మ నన్ను తిట్టింది” అన్నాడు. ఇది ఏ పనికి అవసరమైన మాటో నేను అడగలేదు. బాగున్న కంటితో టీచర్ గారి కోసం చుట్టూ చూశాను. ఆవిడ కనపడలేదు. ఈ ఒక్క మాటా నాకు మాత్రమే చెప్పాడు కదా అని, కన్ను మండుతున్నా చాలా సంతోషించాను.

నాన్న ఇప్పటికీ దీక్షలోనే ఉన్నాడు, నా గదిలో మంచినీళ్ళు కూడా ముట్టడు. నేనూ ప్రార్థనకి వెళ్ళను. కానీ రోజూ ఫోన్ చేసి బోరు మోటారు గురించి అడుగుతాడు. నాకు బోరు లేదు.

టీచర్ గారు పోయాక ఆదివారాల మనుషులు నా దగ్గరికి వస్తున్నారు. పోయిన వారం మైలవరంలో ఒక ఇంటికి వెళ్ళాను. దీక్షలో ఉండి, జారిన కూతురితో ఏడాదిగా పలకని తల్లి, ముక్కూ మొహం తెలియని నాతో గంటన్నర మాట్లాడింది. ఆ అమ్మాయి కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, గ్లాసు విసరాలా ఇవ్వాలా అన్నట్టు నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. కానీ లేవబుద్ధి కాలేదు. పరాయి వాళ్ళ అమ్మ మనసు విప్పి మనతో చెబుతుంటే ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది. ఆ మాటల్ని కాస్త నా దగ్గరే అట్టే పెట్టుకుందామనిపించింది. చివరికి వెళ్ళేటప్పుడు, తల్లి ఒప్పుకున్నాక, ఆవిడ చెప్పిందంతా గేటు దగ్గర ఆ అమ్మాయికి చెప్పేశాను. నాకది అంత తేలిక కాలేదు. మా నాన్న చెప్పుకున్న భయాన్ని టీచర్ గారు నేను అడిగిన సాయంత్రమే, ఏమీ దాచుకోకుండా నా చేతిలో పెట్టేశారు. ఆవిడ మీద ఇప్పుడు నాకున్న అసూయ అందుకే.