‘ఏటి’ అన్న మాటకు ఎర్రగీత

అరకు దగ్గర ఒక బడిలో పిల్లలు మా తెలుగు పాఠాల యాప్ వాడటం మానేశారు. ఇరవై ఏళ్లుగా యూనివర్సిటీలో భాషాబోధన శాస్త్రం చెబుతున్నాను. ఆ యాప్‌లోని పాఠాలన్నీ నేను రాసినవే. కారణం రాయమని పంపిన ఫారాలు ఖాళీగా తిరిగొచ్చాయి. వెళ్లి అడగడమే మేలనిపించింది.

విశాఖలో ఉదయం ఏడులోపు బయలుదేరే రైలెక్కితే సొరంగాలు, బొర్రా దాటుకుని పదకొండు ప్రాంతంలో అరకులో దిగవచ్చు. స్టేషన్ బయట, బడి దగ్గర రెండు గంటలు ఆగేలా రానుపోను ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాను. “కాఫీ తోటలకా మేడం?” అన్నాడు డ్రైవరు. బడికని చెప్పాను. “అయితే బేగి ఎక్కండి. వానొస్తే ఆ మట్టిరోడ్డు మీద బండి ఎల్లదు.” ముప్పావుగంట పట్టింది.

బడిలో మధ్యాహ్న భోజనం వండే సోంబారి, గంజి వారుస్తూనే నా ప్రశ్న విని, మూడో తరగతి చదివే కూతురు బుద్రిని చూపించింది. వాళ్లింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు సంతలో నేర్చుకున్నదే.

“ట్యాబులో పెట్టె బొమ్మొస్తాది కదండీ. అదేటో అడిగితే తెరుసుకుంటాది. మా గుంట ‘ఇదేటి’ అంది. ఎర్రగీత పడిపోనాది. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ గీతే. మరింక కిలాసులో కూడా నోరిప్పట్నేదు.”

‘ఇది ఏమిటి’ ఒక్కటే ఒప్పని జాబితాలో పెట్టింది నేనే. నాది పార్వతీపురం. ఉద్యోగంలో చేరిన మొదటివారం నేను “ఏటి” అంటే క్లాసంతా నవ్వింది. ఆ మాట మానుకోవడానికి నాకు నెలలు పట్టాయి. అయినా ఇంకొకరి బిడ్డకు అదే గీత గీశాను.

లాప్‌టాప్ తెరిచి, పిల్లల భోజనాలయ్యేలోపు జాబితా మార్చి ట్యాబులోకి ఎక్కించాను. బుద్రి దగ్గరికి రాలేదు. నేనే ట్యాబు ముందుకు వంగి “ఇదేటి?” అన్నాను. ఎన్నేళ్లకో పలికాను ఆ మాట. పెట్టె తెరుచుకుంది, లోపల అనాసపండు. “మేడం మన పక్కోరేనే,” అంది సోంబారి కూతురితో. రెండో పెట్టె బుద్రి తెరిచింది. ఆపైన నా కళ్లజోడు, ఛార్జరు, చేతిగడియారం ఒక్కొక్కటే ముట్టుకుంటూ “ఇదేటి, ఇదేటి” అని అడుగుతూనే ఉంది.

పుస్తకాల తెలుగు ఆ పిల్లకు అక్కర్లేదని అనను. రేపు పరీక్షలు అందులోనే రాయాలి. కానీ ముందు అడగాలనిపించాలి. నా పాఠం దాన్నే ఆపేసింది. ఇప్పుడు ప్రతి ఊళ్లో ఒక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని జాబితాలు తిరగరాస్తున్నాం.

ఇలాంటి పనిమీద కొండల్లోకి వెళ్లేవారికి ఒకటే చెబుతాను. ఆటోను రెండు గంటలకు కాదు, సాయంత్రం దాకా మాట్లాడుకోండి. పిల్లలు అడగడం మొదలుపెడితే మధ్యలో లేచి రాలేరు.